యెరూషలేములో 'షలేము' అంటే శాంతేనా?

బైబిల్లో యెరూషలేము, పేపర్లో జెరూసలేం. మా పక్కింటివాళ్లు ఉర్దూలో బైతుల్ ముఖద్దస్ అంటారు. మూడూ ఒకే ఊరా? దానికి 'శాంతి నగరం' అని అర్థం చెబుతారు, నిజమేనా?

— ఊరు ఒకటేనండి. యె, జె తేడా యేసు–జీసస్, యోహాను–జాన్ లాంటిదే. హీబ్రూలో యెరూషలాయిమ్. తెలుగు బైబిలు ఆ 'య'నీ 'ష'నీ ఉంచుకుని చివర మన 'ము' తగిలించింది. 'జె' ఇంగ్లీషు మీదుగా వచ్చింది.

చిక్కంతా అర్థం దగ్గరే. క్రీ.పూ. 14వ శతాబ్దంలో అక్కడి పాలకుడు అబ్ది హెబా ఈజిప్టు ఫరోకు పంపిన మట్టి పలకల ఉత్తరాల్లోనే ఆ ఊరు 'ఉరుసలిం'. అంటే యూదుల రాజు దావీదు కాలానికి ఎంతో ముందే పేరుంది. షాలేం అన్నది ఆ ప్రాంతపు పూర్వ ప్రజలైన కనానీయుల సంధ్యాదేవత పేరనీ, 'షాలేం నెలకొల్పిన ఊరు' అని అర్థమనీ ఎక్కువమంది పండితుల మాట. షాలోమ్, సలాం కూడా అదే ధాతువు కాబట్టి 'శాంతి నగరం' అనుకోవడం తేలికైంది. గ్రీకులైతే హియెరోసొలుమా అని రాసుకున్నారు. 'హియెరోస్' అంటే వాళ్ల భాషలో పవిత్రం! ఎవరికి వినబడింది వాళ్లు విన్నారు.

బైతుల్ ముఖద్దస్ దారి వేరు. అందులో ఉన్నది పవిత్రతను చెప్పే ధాతువు, అరబీలో ఈ ఊరి పేరైన అల్ ఖుద్స్‌లోనూ అదే. క్రీ.శ. 70లో రోమన్లు కూల్చిన ఆలయాన్ని యూదులు బేత్ హమిఖ్దాష్ అంటారు. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి పైకి చదవండి, చుట్టరికం చెవికే తెలుస్తుంది. మధ్యలో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ ఊరికి ఏలియా కాపిటోలినా అని పేరు మార్చాడు. 7వ శతాబ్దంలో అరబ్బులు వచ్చాక కూడా కొంతకాలం 'ఈలియా' అన్నారు.

— బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక 7:2లో షాలేము రాజు అంటే 'సమాధానపు రాజు' అని ఉంటుంది. చిన్నప్పుడు సండే స్కూల్లో అది విని, ఏ ప్రశ్నకు సమాధానం అనుకునేవాణ్ణి.

— నాకూ అదే డౌటు ఉండేది! కానీ 'అన్నదమ్ములు సమాధానపడ్డారు' అంటాం కదండీ, ఆ సమాధానం, అంటే శాంతి. జవాబు అనే అర్థం ముందుకొచ్చి ఇది వెనకబడింది. చర్చిలో మాత్రం ఇంకా బతికే ఉంది.

— మా అమ్మమ్మ 'మనసు సమాధానపరచుకో' అనేది. చర్చికి వెళ్లే మనిషి కూడా కాదు.