టెట్రిస్ వర్సెస్‌లో స్టాక్ ఎలా పేర్చాలి? కాస్త చెప్పండి

ఒక్కడినే ఆడితే బాగానే ఆడతా గానీ ఎదుటోళ్లతో పోటీ అంటే వరసగా ఓడిపోతున్నా. కుడి చివరి కాలమ్ ఖాళీగా వదిలి మిగతా 9 కాలమ్స్ నింపుకుంటూ పొడుగు ముక్క కోసం చూస్తా, 7 ముక్కల బ్యాగ్ (7 రకాల ముక్కలూ ఒక్కోటి చొప్పున కలగలిపి వచ్చాకే మళ్లీ కొత్త వరస మొదలయ్యే పద్ధతి) కాబట్టి రెండు పొడుగు ముక్కల మధ్య ఒక్కోసారి 12 వేరే ముక్కలు కూడా వచ్చేస్తాయి, ఆలోపే కింద నుంచి గార్బేజ్ (ఎదుటోళ్లు పంపే చెత్త లైన్లు) వచ్చి స్టాక్ పైకి లేచిపోతుంది.

టీ-స్పిన్ డబుల్ (టీ ముక్కని ఇరుకు చోట్లోకి తిప్పి దూర్చడం) 2 లైన్లే తీసినా ఎదుటోళ్లకి 4 గార్బేజ్ లైన్లు పంపుతుందని తెలుసు, కానీ దానికోసం పైన అంచు కట్టబోతే ఎస్, జెడ్ ముక్కలకి చోటు దొరక్క గుంటలు పడుతున్నాయి, అదే నా అసలు బాధ. పైభాగం పూర్తి చదునుగా ఉంచాలా, ఒక్క మెట్టు తేడా వదలాలా? హోల్డ్‌లో (ఒక ముక్కని తర్వాతకి దాచుకునే చోటు) పొడుగుది దాచాలా, టీ దాచాలా? బాగా ఆడేవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్, నిజంగా నేర్చుకోవాలనుంది.