నల్లబడ్డ వరి వేర్లు: నీళ్లు తీయాల్నా, వద్దా?

హాలియా_గట్టు: యాసంగి నాటు పడి 25 రోజులు. మడిల కాలు పెడితే బుడగలు, కుళ్లిన గుడ్డు వాసన. దుబ్బు పీకితే వేర్లు నల్లగున్నయి. కొయ్యకాళ్లు దున్నిన వారానికే నాటిన పొలం. నీళ్లు తీయాల్నా, జింకు కొట్టాల్నా?

వేరుమూలం: ముందు నీళ్లు తీయండి. వేరుకు గాలి అందితే ఒక గ్లూకోజ్ అణువుకు 30 దాకా ఏటీపీలు (కణం వాడుకునే శక్తి అణువులు) వస్తయి, అందకపోతే రెండే. ఆ శక్తితో వేరు ఎరువును గుంజుకోలేదు.

ఎడమకాల్వ: వరికి ఆ లెక్క పనికిరాదు. కాండంల, వేరుల గాలి గొట్టాలున్నయి. ఆకు నుంచి ఆక్సిజన్ కిందికి దిగుతది. అందుకే మంచి వేరు మీద ఇనుము తుప్పు పట్టి ఎర్రగుంటది.

వేరుమూలం: ఇవి ఎర్రగ లేవన్నా, నల్లగున్నయి!

పాఠం_సారు: ఇద్దరూ రెండు సంగతులు కలిపేస్తున్నారు. గాలి అందని వేరులో జరిగేది కిణ్వనం, ఆల్కహాలు పుడుతుంది. వాసన మాత్రం మట్టి బ్యాక్టీరియాది. ఆక్సిజన్ అయిపోయాక అవి నైట్రేట్, మాంగనీసు, ఇనుము, ఆ తర్వాత సల్ఫేట్ వాడుకుని శ్వాసిస్తాయి. అసలైన అవాయు శ్వాసక్రియ అదే. సల్ఫేట్ హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారి, ఇనుముతో కలిసి వేరు మీద నల్లగా పేరుకుంటుంది. పచ్చి కొయ్యకాళ్లు ఆ బ్యాక్టీరియాకు మేత.

ఎడమకాల్వ: పేర్ల పంచాయితీ తర్వాత సార్. జింకు చల్లాల్నా?

పాఠం_సారు: పేరు తెలియకే చల్లుతున్నారు. ఆ మట్టిలో జింకు కూడా సల్ఫైడ్‌గా మారి చిక్కుకుంటుంది. ఆకుల మీద తుప్పు మచ్చలుంటేనే లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ పిచికారీ చేయాలి.

నల్లరేగడి: వేరు విరిచి చూడండి. లోపల తెల్లగ, గట్టిగుంటే బతికున్నట్టే.

వేరుమూలం: ఏదైనా నీళ్లు తీసినంకనే.

ఎడమకాల్వ: తీయి తీయి అనుడు అల్కగుంటది! సాగర్ ఎడమ కాల్వ మీద హాలియా దిక్కు తీసినా మళ్ల వస్తయి. మిర్యాలగూడ అవతల చివరి తూములకు ఆన్ అండ్ ఆఫ్‌ల (కొన్ని దినాలు ఇడిసి, కొన్ని దినాలు బంద్ వెట్టుడు) వంతు తప్పితే ఎవరిస్తరు? నేల నెర్రెలిస్తే వేర్లే తెగుతయి.

వేరుమూలం: ఇది ముందే చెప్పాల్సింది. గట్టు తెంపమంటలేనన్నా. మడవ మూసి, ఉన్న నీళ్లు ఇంకనీయండి. 30 సెంటీమీటర్ల పైపుకు కింది సగం బెజ్జాలు పెట్టి, ఆ సగం మట్టిల దించి, లోపలి మట్టి తీసేయండి. పైపుల నీళ్లు నేలకు 15 సెంటీమీటర్లు కిందికి పోయినంక మడికి 5 సెంటీమీటర్లు పెట్టండి. ఆరబెట్టే ముందు యూరియా వద్దు. గాలికి నైట్రేట్ అయితది, నీళ్లు పెట్టంగనే నత్రజని వాయువై పోతది.

ఎడమకాల్వ: పొట్ట నుంచి పూత దాకా?

వేరుమూలం: అప్పుడు ఆరబెట్టొద్దు, నీళ్లుండాలె.

హాలియా_గట్టు: విరిచి చూసిన, లోపల తెల్లగనే ఉంది. మడవ మూస్తున్న.

ఎడమకాల్వ: మీకు నడుస్తది. కాల్వ ఎన్ని దినాలు బందో చెప్పకుంటే చివరి తూమోళ్లు మడవ మూయరు.