ఓల్డ్ ఫోర్జ్ పిజ్జా: శాకాహారులైన పెద్దలతో వెళ్లవచ్చా?

నమస్కారం. వచ్చే నెలలో న్యూజెర్సీ నుంచి నయాగరాకు కారులో వెళుతూ, పెన్సిల్వేనియాలో స్క్రాంటన్ పక్కనున్న ఓల్డ్ ఫోర్జ్ అనే చిన్న ఊరిలో భోజనానికి ఆగాలనుకుంటున్నాము. ఒకప్పుడు బొగ్గు గనుల్లో పనికి వచ్చిన ఇటాలియన్ కుటుంబాలు స్థిరపడిన ఆ ఊరిలో పిజ్జాను గుండ్రంగా కాక, దీర్ఘచతురస్రాకారపు ట్రేలో కాల్చి ‘కట్’ల (అంటే ముక్కల) లెక్కన వడ్డిస్తారు. ఆర్భాటం లేని అలాంటి పాత హోటళ్లంటే నాకు ఎంతో ఇష్టం.

అయితే ఆంధ్ర నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు పూర్తి శాకాహారులు. గుడ్డు కూడా ముట్టరు. పైన మాంసం లేనంత మాత్రాన వారికి సరిపోదు. పిండిలో గానీ, ట్రేకు పూయడానికి గానీ పంది కొవ్వు వాడతారా, సాస్‌ను మాంసంతో కలిపి ఉడికిస్తారా, చీజ్ తయారీలో జంతువుల రెన్నెట్ (పాలను గడ్డకట్టించడానికి దూడల కడుపు నుంచి తీసే పదార్థం) ఉంటుందా అన్నవే నా ప్రధాన సందేహాలు. రెండు పొరల పిండి మధ్య చీజ్ పెట్టి, పైన రోజ్‌మేరీ చల్లి కాల్చే తెల్ల పిజ్జా వారికి నచ్చుతుందని నా ఆశ. అక్కడ తిన్నవారు ఎవరైనా ఉంటే, ఇటువంటి ప్రశ్నలకు ఏ హోటల్‌వారు ఓపికగా జవాబిస్తారో, మధ్యాహ్నం పూట తెరిచి ఉంచుతారో లేదో, సగం ట్రే అడిగితే ఇస్తారో లేదో దయచేసి తెలియజేయగలరు.