వాటర్లూ యుద్ధాన్ని బొమ్మ సైనికులతో ఆడే వార్‌గేమ్ టేబుల్ మీద బ్రిటిష్ లైను ఫ్రెంచి లైనుకన్నా పొట్టిగా వస్తోంది, బేసులు (బొమ్మలను అతికించే పలకలు) ఎలా మార్చాలి?

28 ఎంఎం బొమ్మలు, ఒక్కో బొమ్మకు 20 మంది లెక్క. 720 మంది ఫ్రెంచి బెటాలియన్‌కు 36 బొమ్మలు, 600 మంది బ్రిటిష్ బెటాలియన్‌కు 30. బేసు 40 ఎంఎం చదరం, రెండు వరసల్లో ఆరుగురు. అలా ఫ్రెంచి లైను 240 ఎంఎం, బ్రిటిష్ లైను 200.

చిక్కు ఇక్కడే. ఫ్రెంచివాళ్లు మూడు వరసల్లో నిలబడేవారు, బ్రిటిష్‌వాళ్లు రెండే. మనిషికి 55 సెం.మీ. వేసుకుంటే ఫ్రెంచి లైను 132 మీటర్లు, బ్రిటిష్‌ది 165. ప్రతి తుపాకీ పేలగలగడమే బ్రిటిష్ లైను బలం. టేబుల్ మీద అదే తలకిందులైంది. ఫ్రెంచి కాలమ్ (ముందు ఇరుకుగా, వెనక్కి లోతుగా నిలిచే వ్యూహం) మాత్రం రెండు బేసుల వెడల్పుతో, 80 ఎంఎం, చక్కగా కుదిరింది.

బ్రిటిష్ బేసు 60 ఎంఎం చేస్తే 300 వస్తుంది, నిష్పత్తి సరిపోతుంది. కానీ ఆరుగురూ పలచబడి, విడివిడిగా నిలబడి పోరాడే స్కర్మిషర్లలా కనిపిస్తారు. బొమ్మలు పెంచితే 1:20 పోతుంది, దాంతో నష్టాల లెక్కా చెడుతుంది. అందరినీ ఒకే వరసలో పెడితే 400 ఎంఎం, అది మరీ అతి.

50 ఎంఎంతో సర్దుకున్నవారున్నారా? కాలమ్ ఎదురొస్తే లైనులో ఎన్ని బేసులను కాల్చనిస్తున్నారు? బొమ్మలు ఊడదీయకుండా, మూవ్‌మెంట్ ట్రేలు (బేసులను కలిపి జరిపే పళ్లేలు) మాత్రమే మార్చి సరిచేసే దారి ఉంటే కొలతలతో చెప్పండి.