చర్చ: ఊరి హైస్కూలుకి రోబోటిక్స్ కిట్లు కొనాలా, వద్దా?

కాకుమాను_కుర్రోడు: మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు పాత విద్యార్థులం తలా కొంత వేసుకుని రెండు లక్షలు పోగేశాం. సగం మంది రోబోటిక్స్ కిట్లు కొందామంటున్నారు. మిగతావాళ్లు ఆ డబ్బుతో లెక్కల ట్యూషన్ పెట్టించి, మూలపడ్డ కంప్యూటర్లు బాగు చేయిద్దామంటున్నారు. వాట్సాప్ గ్రూపులో తిట్టుకునేదాకా వచ్చింది. మీరేమంటారు?

బెజవాడ_కోడర్: కిట్లే కొనండి బ్రో. కేంద్రం 2016లో అటల్ టింకరింగ్ ల్యాబులు (పిల్లలు చేత్తో చేసి నేర్చుకునే బడి ల్యాబులు) మొదలుపెట్టింది 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసమే. ఎంపికైన బడికి 20 లక్షల దాకా గ్రాంటు. 2025 బడ్జెట్‌లో అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేల ల్యాబులు అన్నారు. మీ ఊరి వంతు వచ్చేసరికి ఇప్పుడు ఎనిమిదిలో ఉన్న పిల్ల బీటెక్‌కి వెళ్లిపోతుంది.

మిరపతోట: భాగహారం రాని పిల్లాడికి రోబోనా? రోబోలు నేర్పుతామని మా ఊరికీ వచ్చారు ఎవరో ఒక ఆదివారం. బ్యానర్ కట్టారు, బొమ్మకారు నడిపించారు, ఫొటోలు దిగారు. సాయంత్రానికి కిట్లన్నీ డిక్కీలో వేసుకుని పోయారు.

సైన్స్_మాస్టారు: భాగహారం వచ్చాకే రోబో అంటే రెండూ రావండీ. ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెప్పేటప్పుడు బడి నీళ్ల ట్యాంకు మూత కింద అల్ట్రాసోనిక్ సెన్సర్ (చెవికి వినపడని శబ్దం పంపి, తిరిగొచ్చింది పట్టేది) బిగించి ఆర్డినోకి, అంటే ప్రోగ్రాం రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డుకి, కలిపాం. శబ్దం నీటికి తగిలి తిరిగొచ్చిన సమయాన్ని సెకనుకు 340 మీటర్లతో హెచ్చవేయించాను. మూత నుంచి నీటిదాకా స్కేలుతో కొలిస్తే 60 సెంటీమీటర్లు, స్క్రీన్ మీద 120! సెన్సర్ పాడైందన్నారు అందరూ. లెక్కల పీరియడ్‌లో నోరెత్తని ఒక పిల్ల లేచి, "పోయి వచ్చింది కదా సార్, సగం చేయాలి" అంది. ఆ తర్వాత బోర్డు మీద దశాంశ భాగహారాలన్నీ తనే చేసింది.

అసలు చిక్కు వేరే ఉంది. దానంగా వచ్చిన వస్తువు స్టాక్ రిజిస్టర్‌కి ఎక్కుతుంది. పాడైతే జవాబు చెప్పాల్సింది హెచ్చెమ్ గారు. అందుకే కిట్లు బీరువాలో భద్రంగా ఉంటాయి, తాళంచెవి ఆయన సొరుగులో ఉంటుంది. కరెంటుని అదుపు చేసే రెసిస్టర్ లేకుండా 5 వోల్టులిచ్చి ఒక ఎల్ఈడీ కాల్చుకుంటేనే కదా రెసిస్టర్ ఎందుకో పిల్లాడికి తెలిసేది! తీగలు, ఎల్ఈడీలు, సెన్సర్లు సుద్దముక్కల్లాగా ఖర్చయిపోయే సరుకని, పాడైతే ఎవరినీ అడగబోమని మీ విరాళం కాగితంలోనే రాసివ్వండి. ఆ రెండు వాక్యాలు రాయకపోతే కిట్లు కొనడం దండగ.

బెజవాడ_కోడర్: ఇది నాకు తట్టనే లేదు మాస్టారూ.

తాడికొండ_అమ్మ: 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతికి ట్యాబ్‌లు ఇచ్చినప్పుడు మా పెద్దదానికీ వచ్చింది. పాఠాలు చూసింది, కాదనను. చూడ్డం వేరు, చేత్తో చెయ్యడం వేరు. ఇంకోటి కూడా గమనించండి. కిట్ల దగ్గర తీగలు మగపిల్లల చేతుల్లో ఉంటాయి, ఆడపిల్లలు పక్కన కూర్చుని నోట్సు రాస్తారు. బడి వదిలాక క్లాసు పెట్టారంటే బస్సుకి వెళ్లాల్సిన ఆడపిల్లలు అసలే ఉండరు. బడి వేళల్లోనే పెట్టించండి.

మిరపతోట: సరే, మాస్టారి మాటకి ఒప్పుకుంటా. మరి ఏటా కోతలకి ఆదోని, కోసిగి వైపు నుంచి పిల్లాపాపలతో మా చేలకి దిగే కూలీల సంగతేంటి? పట్టాల గుడిసెల్లో ఉండే ఆ పిల్లల పేర్లు ఇక్కడ ఏ బడి రిజిస్టర్‌లో ఉన్నాయి? బ్యానర్ మీద "వెనకబడిన పల్లె పిల్లలు" అని రాసేవాళ్లకి వాళ్లు ఆనరా?

బెజవాడ_కోడర్: ఆర్డినో పవర్‌బ్యాంక్ మీద నడుస్తుంది. చేను దగ్గరికే వస్తా.

మిరపతోట: వస్తే కోతలయ్యేదాకా వారం వారం రండి. ఒక్కసారికైతే వద్దు.

కాకుమాను_కుర్రోడు: అయితే తక్కువ కిట్లు కొని, మిగతాది విడి సామానుకీ, కంప్యూటర్ల రిపేరుకీ ఉంచుదామని గ్రూపులో పెడతా. ఒక్క డౌటు. నేర్పే మాస్టారికి బదిలీ అయితే?

సైన్స్_మాస్టారు: ఇద్దరికి నేర్పించండి, ఒకరు సైన్సు, ఒకరు లెక్కలు. తొమ్మిదిలో ఉన్న నలుగురు పిల్లలకి బీరువా తాళం ఇప్పించండి.