కొత్త కారు బానెట్ మీద పెయింట్ పొక్కులు: రీపెయింట్ చేసినా మళ్ళీ వస్తున్నాయి

ప్రశ్న: మాది వైజాగ్, సముద్రానికి దగ్గర. కారు ఇంకా వారంటీలోనే ఉంది. బానెట్ ముందు అంచున ఆవగింజంత పొక్కులు వస్తే సర్వీస్ సెంటర్‌లో రీపెయింట్ చేశారు. వానలు మొదలవగానే అక్కడే మళ్ళీ లేచాయి. ఉప్పుగాలి, పక్షి రెట్ట కారణమని, వారంటీ వర్తించదని అంటున్నారు. ఇంకోసారి పెయింట్ వేయించుకోవాలా?

సమాధానం: వేయించకండి. రీపెయింట్ చేసిన ప్రతిసారీ సాక్ష్యం చెరిగిపోతుంది. పక్షి రెట్ట పైనుంచి క్లియర్ కోట్‌ని (రంగు మీద వేసే పారదర్శక పొరని) తింటుంది. అక్కడ మచ్చ పడుతుంది, గుంట పడుతుంది, పగులు కూడా రావచ్చు. అంతేగానీ కిందినుంచి పొక్కు లేవదు. ఉప్పుగాలికి దారి కావాలంటే పెయింట్ ఎక్కడో చిట్లి ఉండాలి. పొక్కు నడుమ రాయి తగిలిన చిన్న దెబ్బ ఉంటే వాళ్ళ మాటలో బలం ఉన్నట్టే. లేకపోతే లేదు.

సర్వీస్ అడ్వైజర్ ఎదురుగా ఒక పొక్కుని సూదితో విప్పించండి, పక్కన రూపాయి నాణెం పెట్టి ఫోటో తీయండి. నీరు కారితే పొరల మధ్య తేమో, ఉప్పో చిక్కుకుంది. అడుగున ఎర్రటి తుప్పు కనిపిస్తే రేకు దాకా వెళ్ళింది. రేకు మెరుస్తూ శుభ్రంగా ఉంటే ప్రైమర్ (రంగుకి ముందు రేకు మీద వేసే అడుగు పొర) పట్టలేదు. పొక్కులు కాకుండా సూదిమొన లాంటి రంధ్రాలే ఉంటే, కోటుకీ కోటుకీ మధ్య ఆరనివ్వక థిన్నర్ లోపలే ఉండిపోయింది.

బానెట్ ఎత్తి అంచుని కిందివైపు నుంచి కూడా చూడండి. పైరేకుని లోపలి రేకు మీదకి మడిచి, ఆ మడత మీద నీళ్ళు దిగకుండా సీలర్ వేస్తారు. సీలర్‌లో సందు ఉంటే నీళ్ళు మడతలోకి దిగి తుప్పు అక్కడే పుడుతుంది. అలాంటప్పుడు పైన ఎంత బాగా పెయింట్ వేసినా ఆగదు.

ఇంకొకరు: పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టించండి. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 90 నుంచి 140 మైక్రాన్లు. 200 దాటితే రీపెయింట్ అనుకోవచ్చు, 500 దాటితే కింద పుట్టీ (సొట్టలు పూడ్చే పేస్టు) ఉన్నట్టే. ముందు రూఫ్ మీద కొలిచి దానితో పోల్చండి. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మీటర్ పనిచేయదు.

ప్రశ్న అడిగినవారు: కొలిపించాను. రూఫ్ 110, బానెట్ అంచు 420. మడత దగ్గర సీలర్ చిట్లింది, పొక్కు కింద తుప్పు ఉంది.

సమాధానం: అంటే పాత పొరలు పూర్తిగా తీయకుండా మీదే వేశారు. నా సలహా, రీపెయింట్ వద్దు, కొత్త బానెట్ అడగండి. అది హింజ్‌లకి బోల్టులతో బిగించే భాగం, బాడీని కోయనక్కర్లేదు. కొత్తది ఫ్యాక్టరీ ఈడీ కోట్‌తోనే (తుప్పు పట్టకుండా కరెంటుతో పట్టించే అడుగు పొర) వస్తుంది. దాన్ని రేకు దాకా గీకేయకుండా 400 నంబరు పేపర్‌తో పైపైన గరుకు చేస్తే చాలు.

పాతదే బాగుచేస్తామని పట్టుబడితే ఇవి రాయించండి: అంచు రెండువైపులా రేకు దాకా తీయడం, తుప్పు పూర్తిగా పోగొట్టడం, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్, మడతకి కొత్త సీలర్, ఆ తర్వాతే సర్ఫేసర్ (రంగుకి ముందు నునుపు చేసే పొర). వైజాగ్ తేమలో రేకుని రాత్రంతా బయటపెడితే తెల్లారేసరికి తుప్పు పట్టేస్తుంది. పుట్టీని వాటర్ పేపర్‌తో రుద్దనివ్వకండి, అది నీళ్ళు పీల్చి దాచుకుంటుంది. కంప్రెషర్ ట్యాంకులో నీళ్ళు వదిలేయాలి, లేకపోతే గాలితోపాటు తేమ స్ప్రే గన్‌లోకి వస్తుంది. క్లియర్ కోట్ తర్వాత పెయింట్ బూత్‌లో 60 డిగ్రీల దగ్గర అరగంట ఆరబెట్టాలి.

ఇంకొకరు: జాబ్ కార్డులో ‘పెయింట్ సమస్య’ అని రాస్తే ఒప్పుకోకండి. ‘ఇదివరకు రీపెయింట్ చేసిన చోటే పొక్కులు, కింద తుప్పు, 420 మైక్రాన్లు’ అని రాయించండి. వారంటీ ఇవ్వం అని వాళ్ళంటే కారణం ఈమెయిల్‌లో అడగండి. వారంటీ పుస్తకంలో పెయింట్ వారంటీ, తుప్పుకి రేకు చిల్లు పడితే ఇచ్చే వారంటీ వేర్వేరుగా ఉంటాయి, రెండూ చదవండి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే అక్కడికే వెళ్ళాలి, గడువు రెండేళ్ళు. కమిషన్ ల్యాబ్ పరీక్షకి పంపగలదు, కాబట్టి అప్పటిదాకా బానెట్ ముట్టుకోనివ్వకండి. సిరామిక్ కోటింగ్, పీపీఎఫ్ (పెయింట్ మీద అతికించే పారదర్శక ఫిల్మ్) కూడా ఇప్పుడే వద్దు. పట్టు లేని పెయింట్ మీద పీపీఎఫ్ వేస్తే తీసేటప్పుడు పెయింట్ కూడా ఊడివస్తుంది.