‘ట్రిక్’ను తెలుగులో ఏమందాం? కిటుకా, మాయా?

అనువాదకురాలు:
మిత్రులకు నమస్కారం. నాలుగు రోజులుగా ఒకే వాక్యం దగ్గర నా పని నిలిచిపోయింది. మీ సాయం కావాలి.

వాతావరణ మార్పుకు కారణమేమిటి, ఆధారాలేమిటి అని జరిగిన వాదాల గురించి ఇంటర్ పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం తెలుగులోకి తెస్తున్నాను. అందులో ఒక అధ్యాయమంతా 2009 నవంబరులో జరిగిన గొడవ. ఇంగ్లండులోని నారిచ్‌లో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం ఉంది కదా, అక్కడి క్లైమేటిక్ రీసెర్చ్ యూనిట్ సర్వరులోంచి ఎవరో వెయ్యికి పైగా ఈమెయిళ్లు దొంగిలించి ఇంటర్నెట్‌లో పెట్టారు. కోపెన్‌హేగన్ ప్రపంచ దేశాల వాతావరణ సదస్సుకు అప్పటికి మూడు వారాలు కూడా లేవు. అన్ని ఉత్తరాల్లోనూ లోకమంతా తిరిగింది మాత్రం ఒక్క వాక్యం. 1999 నవంబరు 16న ఆ యూనిట్ శాస్త్రవేత్త ఫిల్ జోన్స్ తోటివాళ్లకు రాసినది. పాత శతాబ్దాల ఉష్ణోగ్రతలు చూపే ప్రతి వరుసకూ చివరి ఇరవై ఏళ్లకు ‘రియల్ టెంప్స్’ చేర్చే ‘మైక్స్ నేచర్ ట్రిక్’ ముగించాననీ, కీత్ వరుసకైతే ‘హైడ్ ద డిక్లైన్’ కోసం 1961 నుంచి చేర్చాననీ దాని సారాంశం. అందులో జనం పట్టుకున్నవి రెండు ముక్కలు: ‘మైక్స్ నేచర్ ట్రిక్’, ‘హైడ్ ద డిక్లైన్’. మైక్ అంటే అమెరికా వాతావరణ శాస్త్రవేత్త మైకేల్ మాన్. నేచర్ అంటే పాత శతాబ్దాల ఉష్ణోగ్రతల మీద 1998లో ఆయనా, మరో ఇద్దరూ కలిసి రాసిన వ్యాసం అచ్చయిన పత్రిక.

నా మొదటి ప్రతిలో ‘కిటుకు’ అనీ ‘తగ్గుదలను దాచడానికి’ అనీ రాశాను. సంపాదకులు మొదటిదాన్ని కొట్టేసి ‘మాయ’ అన్నారు. రెండోదాన్ని ‘ఉష్ణోగ్రతల తగ్గుదలను కప్పిపుచ్చడానికి’ అని దిద్దారు. వాక్యం సాఫీగానే నడుస్తోంది, కాదనను. కానీ ఆ రెండు దిద్దుబాట్లతో తీర్పు కూడా అయిపోయింది. చదివే పిల్లకు ఆలోచించుకోవడానికి ఏమీ మిగల్లేదు. నిద్ర పట్టనంత బాధ పెట్టింది నన్నీ సంగతి.

అసలు విషయం ఇదీ. చెట్టు ఏడాదికో వలయం వేస్తుంది. చలి దేశాల్లో వేసవి వెచ్చగా గడిచిన ఏడు, ఆ వలయం చివరి భాగంలో కలప చిక్కగా తయారవుతుంది. థర్మామీటర్లు లేని శతాబ్దాల్లో వేడి ఏపాటిదో తెలుసుకోవడానికి ఆ చిక్కదనం ఒక దారి. అయితే ఉత్తర ప్రాంతాల్లో చాలాచోట్ల 1960 తర్వాత చెట్లు థర్మామీటరుతో కలిసి నడవడం మానేశాయి. కొలతలు వేడి పెరుగుతోందంటుంటే కలప చిక్కదనం తగ్గుతూ వచ్చింది. ఉత్తరంలోని ‘తగ్గుదల’ అదే. తగ్గింది కలప లెక్క, వేడి కాదు. ఆ వాక్యంలో ‘కీత్’ అని ఒక పేరుంది చూశారా, ఆయన అదే యూనిట్‌లో చెట్ల వలయాలు చదివే శాస్త్రవేత్త కీత్ బ్రిఫా. ఈ తేడాను ఆయనా, సహచరులూ 1998లోనే, అదే నేచర్‌లోనే వ్యాసంగా ప్రకటించారు. జోన్స్ ఉత్తరం రాసేటప్పటికే అది అచ్చులో ఉంది.

ఉత్తరం రాసిన సందర్భం ప్రపంచ వాతావరణ సంస్థ 1999 నివేదికకు అట్టమీద బొమ్మ. పాత శతాబ్దాల నుంచి ఉష్ణోగ్రతలు ఎలా నడిచాయో గీతలుగా చూపే బొమ్మ అది. అందులో కలప చిక్కదనాన్ని బట్టి వేసిన కీత్ గీతను 1960తో ఆపేసి, అక్కణ్నుంచి థర్మామీటరు అంకెలు అతికించి ఒకే గీతగా చూపించారు.

కాబట్టి ‘ఉష్ణోగ్రతల తగ్గుదల’ అన్నది తప్పు. ఆ మాట మూలంలో లేదు, భావంలోనూ లేదు. దాని మీద నేను చర్చ పెట్టడం లేదు. అడుగుతున్నది మిగతా రెంటి గురించే. ట్రిక్‌కి ఏ మాట? హైడ్‌కి ఏ మాట?

లెక్కల మాస్టారు:
కిటుకేనమ్మా, సందేహమే లేదు. ముప్పై ఏళ్లు తరగతిలో చెప్పాను. ‘ఈ లెక్కకు ఒక ట్రిక్కుంది, చూడండి’ అంటే మాస్టారు మోసం చేస్తున్నాడని ఏ పిల్లాడూ అనుకోలేదు, పెన్ను మూత తీసి సిద్ధమయ్యేవాళ్లు. రెండంకెల సంఖ్యను పదకొండుతో గుణించాలంటే ఆ రెండూ కూడి మధ్యలో పెట్టడం కిటుకు. అందులో దాపరికమేముంది? లెక్కలవాళ్లు, భౌతికశాస్త్రంవాళ్లు తమలో తాము ట్రిక్ అనేది ఈ అర్థంలోనే. అదే మాటను బహువచనం చేసి ‘నా దగ్గరా నీ ట్రిక్కులు?’ అంటే మాత్రం తిట్టు. ఏకవచనంలో ఉపాయం, బహువచనంలో మోసం. తెలుగులోకి వచ్చాక ఆ మాట అలా స్థిరపడింది. జోన్స్ రాసింది ఏకవచనమే కదా!

డెస్కులో పనిచేసిన మిత్రుడు:
మాస్టారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఒప్పుకోలేకపోతున్నాను. చాలా ఏళ్లు వార్తలు తెలుగు చేసే పనిలో ఉన్నాను. మేడమ్, మీరు ‘కిటుకు’ అని రాస్తే పిల్లలకు ఒక్క సంగతి అర్థం కాదు: మరైతే ఇంత గొడవ ఎందుకైనట్టు? కిటుకు అన్నమాట విని అమెరికా సెనేటులో కేకలు పుడతాయా? ఇంగ్లీషు మాటలో రెండు అర్థాలూ ఉన్నాయి. రాసినవాడు ఒకటి అనుకున్నాడు, విన్నవాడు రెండోది విన్నాడు. గొడవంతా ఆ సందులో పుట్టింది. ‘మాయ’ అంటే శాస్త్రవేత్తల వాదం వినపడదు. ‘కిటుకు’ అంటే జనం కోపం వినపడదు. రెండూ ఒకే తప్పు.

అనువాదకురాలు:
ఇది నాకు తట్టలేదండీ. మాయ అనడం తీర్పు అని వాపోయానే గానీ, కిటుకు అనడమూ తీర్పేనని చూసుకోలేదు. రెండు అర్థాలూ మోసే తెలుగు మాట ఏదైనా ఉందా? యుక్తి మంచిది, కుయుక్తి చెడ్డది. తంత్రం, కుతంత్రం కూడా అంతే. మన భాష ‘కు’ అని ముందే చీటీ అంటించేస్తుంది. ఉపాయం పూర్తిగా మంచిదే, ఉపాయం లేనివాణ్ణి ఊళ్లోంచి వెళ్లగొట్టమన్నారు కూడా. జిత్తు, టక్కు, కనికట్టు, ఇవన్నీ అటువైపువి.

వరంగల్ నుంచి ఒక మిత్రుడు:
అక్కా, మా నాయనమ్మ ‘ఇకమతు’ అనేది. పని తెలివిగ చేస్తే ‘మంచి ఇకమతు చేసినవురా’ అని మెచ్చుకునేది, పని ఎగ్గొడితే ‘నీ ఇకమతులు నా దగ్గర నడవయి’ అని తిట్టేది. ఉర్దూ హిక్మత్ నుంచి వచ్చిందంటరు. మీరు అడిగిన రెండు మొఖాలూ ఉన్న మాట ఇదే. కాకపోతే ఇప్పుడు ఇంటర్ చదివే పోరగాళ్లకు ఎంతమందికి ఎరుకనో చెప్పలేను.

అనువాదకురాలు:
ఎంత చక్కటి మాట తమ్ముడూ! సరిగ్గా అతికినట్టుంది. కోస్తా పిల్లలకు దీనికోసం మరో అధస్సూచిక పెట్టాల్సి వస్తుందని తప్ప నాకు ఏ అభ్యంతరమూ లేదు.

వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకురాలు:
ఒక హెచ్చరిక చేయనా అండి. అదే అధ్యాయంలో ‘ప్రాక్సీ డేటా’ అని వస్తుంది. దాన్ని దయచేసి అలాగే ఉంచకండి. మా కాలేజీలో ప్రాక్సీ అంటే రాని స్నేహితుడి బదులు హాజరు పలకడం, అంటే దొంగ హాజరు. చెట్ల వలయాలు ప్రాక్సీ అని నేను చెప్పిన మొదటి రోజు వెనక బెంచీలన్నీ నవ్వాయి. ఒకమ్మాయి లేచి ‘అయితే అవి నిజమైనవి కావా మేడమ్?’ అని అడిగింది. అది ఆ పిల్ల తప్పు కాదు, నా మాట తప్పు. అప్పట్నుంచీ ‘పరోక్ష కొలత’ అంటున్నాను. వలయాలు, పగడాలు, మంచు పొరలు, అన్నింటికీ సరిపోతోంది.

ఇంకొకటి. ఆ వాక్యంలో జోన్స్ ‘రియల్ టెంప్స్’ అన్నారు. ‘నిజమైన ఉష్ణోగ్రతలు’ అని తెలుగు చేస్తే చెట్లు చెప్పినవి అబద్ధపు ఉష్ణోగ్రతలు అవుతాయి. ‘కొలిచిన’ అంటే బాగుంటుంది.

విశ్రాంత ఉపాధ్యాయులు:
నాది ‘హైడ్’ గురించి. 2010 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు సైన్స్ కమిటీ ఈ ఉత్తరాలను పరిశీలించి, ట్రిక్ అన్నది వ్యవహారంలో చక్కని పద్ధతి అనే అర్థంలో వాడిందేనని చెప్పింది. ‘హైడ్ ద డిక్లైన్’ అంటే తప్పని తెలిసిన అంకెలను పక్కన పెట్టడానికి వాడిన పొట్టి మాట అని కూడా తేల్చింది. అలాంటప్పుడు ‘దాచడం’ ఎందుకమ్మా? ‘తొలగించడం’ అనండి. పిల్లలకు అపోహ ఉండదు.

అనువాదకురాలు:
పెద్దవారు, మీ ఉద్దేశం నాకు తెలుసు. అయినా ఈ ఒక్కటీ నేను చేయలేనండీ. అదే ఏడాది జులైలో, ఆ విశ్వవిద్యాలయమే వేయించిన మ్యూర్ రస్సెల్ విచారణ నివేదిక వచ్చింది. ఈ శాస్త్రవేత్తల నిజాయితీకీ, పనిలో నిక్కచ్చితనానికీ అనుమానం అక్కర్లేదని అది గట్టిగా చెప్పింది. ఆ నివేదికే మరో రెండు మాటలూ చెప్పింది: అడిగినవాళ్లకు సమాచారం ఇవ్వడంలో వాళ్లు తగినంత బాహాటంగా లేరని, ఆ అట్టమీద బొమ్మ చూసేవాళ్లను తప్పుదోవ పట్టించేదిగా ఉందని. గీత ఆపడం తప్పు కాదు, అతికించడమూ తప్పు కాదు. ఆపామని, అతికించామని అక్కడే చెప్పకపోవడం తప్పు. అంటే ఆ బొమ్మ చూసినవాడికి ఒక విషయం కనపడలేదు. దానికి తెలుగులో దాచడం అనే పేరు.

పైగా మన ‘దాచు’ చాలా న్యాయమైన మాట. అమ్మ పోపుల డబ్బాలో డబ్బు దాస్తుంది, తప్పు చేసినవాడు నిజం దాస్తాడు. మంచా చెడా అన్నది వాక్యం చెప్పాలి గానీ ఆ క్రియ చెప్పదు. ‘కప్పిపుచ్చు’కు ఆ వెసులుబాటు లేదు, అందులో నేరం ముందే ఉంది. ‘తొలగించు’లో నిర్దోషిత్వం ముందే ఉంది. శాస్త్రం పక్షాన నిలబడ్డాను కదా అని జోన్స్ అన్నమాటను నేను కడిగి ఇస్తే, రేపు ఏ పిల్లో మూలం చదివి ‘అనువాదకురాలు కూడా దాచింది’ అంటుంది. ఆ పిల్ల పుస్తకంలో మిగతా పేజీలనూ నమ్మదు.

‘రియల్’ కూడా అందుకే ‘అసలు’ అని ఉంచుతాను మేడమ్. ‘కొలిచిన’ అనే మీ మాట వివరణలోకి తీసుకుంటాను. ప్రాక్సీ మాత్రం ఈ క్షణమే తీసేశాను, మీకు రుణపడ్డాను.

వరంగల్ మిత్రుడు:
ఒక్కటి అడుగుత అక్కా. ఈ చెట్ల గీత మొత్తం తప్పే అనుకుందాం. అప్పుడు మనిషివల్లనే వేడి పెరుగుతున్నదన్న మాట కూలిపోతదా? మా ఆఫీసుల ఒకాయన గట్లనే వాదిస్తడు.

అనువాదకురాలు:
కూలదు. ‘ఆధారం’ అన్న మాటలోనే చిక్కుందేమో అనిపిస్తుంది నాకు. ఆధారం అనగానే మనకు కింద ఒకే గుంజ ఉన్నట్టు, అది లాగితే పందిరి పడిపోతుందన్నట్టు తోస్తుంది. చెట్ల వలయాలు చెప్పేది పాత శతాబ్దాల్లో వేడి ఎంతుండేదని మాత్రమే. ఇప్పటి వేడికి కారణం ఎవరన్నది అవి చెప్పవు. కారణం చెప్పే సాక్ష్యాలు వేరే చోట్ల ఉన్నాయి. హవాయిలోని మౌనా లోవా కొండమీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల్లో 315 పాళ్లు, ఇప్పుడు 420 దాటింది. ఆ పెరిగిన వాయువులో బరువైన కార్బన్-13 పాలు తగ్గుతూ వస్తోంది. బొగ్గు, పెట్రోలు ఒకప్పటి మొక్కల్లోంచి వచ్చినవి, మొక్కలకు తేలికైన కార్బన్ ఇష్టం, కాబట్టి ఆ జాడ వాటిదే. ఇంకొకటి నాకు అన్నిటికంటే గట్టిగా కనిపిస్తుంది. సూర్యుడే కారణమైతే గాలి పొరలు కిందా పైనా కూడా వేడెక్కాలి. జరుగుతున్నదేమో కింది పొర వేడెక్కుతుంటే పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. దుప్పటి కప్పుకున్నప్పుడు లోపల వెచ్చన, దుప్పటి బయట చలి ఉన్నట్టు. మీ ఆఫీసాయనకు ఈ మూడూ చెప్పండి, చెట్ల ఊసు ఎత్తకుండానే.

డెస్కు మిత్రుడు:
ఇక్కడ రిచర్డ్ మల్లర్ గురించి చెప్పకపోతే అన్యాయం. బర్కిలీలో భౌతికశాస్త్రవేత్త. ఆ అతికించిన గీతను బహిరంగ ఉపన్యాసాల్లో కడిగిపారేసిన మనిషి. ఊరికే తిట్టి ఊరుకోలేదు, సొంత బృందాన్ని పెట్టుకుని భూమ్మీద ఉష్ణోగ్రతల లెక్కంతా మొదట్నుంచి వేశాడు. దానికి డబ్బిచ్చినవాళ్లలో చార్లెస్ కోక్ ఫౌండేషన్ కూడా ఉంది, శిలాజ ఇంధనాలతో సంపాదించిన కుటుంబం అది. 2012లో ఆయనే, భూమి వేడెక్కుతోంది, దాదాపు పూర్తిగా మనిషే కారణం అని పత్రికలో రాశాడు. మేడమ్, మీ పుస్తకంలో ‘స్కెప్టిక్’కు ఏం వాడారు?

అనువాదకురాలు:
సంశయవాది అని వాడాను. మల్లర్‌కు ఆ మాట గౌరవంగా సరిపోతుంది. అనుమానం పెనుభూతం అన్న సామెత మన చెవుల్లో మోగుతూ ఉంటుంది కాబట్టి ‘అనుమానించేవాడు’ అనలేదు. ఎన్ని కొలతలు చూపినా కదలనివాళ్లకు ‘నిరాకరణవాది’. ఆ రెండూ ఒకే మాటతో తెలుగు చేయకూడదని నా పట్టుదల. వెతికి తెలుసుకున్నవాణ్ణీ, వెతకనివాణ్ణీ ఒకే పేరుతో పిలిస్తే మొదటివాడికి అవమానం.

అందరి మాటలూ విన్నాక వాక్యం ఇలా మార్చాను:

‘ప్రతి వరుసకూ చివరి ఇరవై ఏళ్లకు (అంటే 1981 నుంచి) అసలు ఉష్ణోగ్రతలు చేర్చే మైక్ నేచర్ ట్రిక్‌ను ఇప్పుడే ముగించాను. కీత్ వరుసకైతే, తగ్గుదలను దాచడానికి, 1961 నుంచి చేర్చాను.’

ట్రిక్‌ను ట్రిక్‌గానే ఉంచాను. మాస్టారు చెప్పినట్టు అది ఇప్పటికే తెలుగు మాట, దానికి రెండు ముఖాలూ ఉన్నాయి. వివరణలో ఇకమతును కూడా ప్రస్తావిస్తాను. తగ్గుదల దేనిదన్నది మూలంలో లేదు కాబట్టి వాక్యంలో చేర్చలేదు, వివరణలో మొదటి ముక్క అదే: ‘తగ్గింది కలప చిక్కదనం, ఉష్ణోగ్రత కాదు.’

లెక్కల మాస్టారు:
వివరణ పుస్తకం చివర పెట్టకమ్మా. పిల్లలు అంతదూరం తిప్పరు. వాక్యం కిందే ఉండాలి.

అనువాదకురాలు:
అలాగే మాస్టారూ, వాక్యం కిందే, అదే అక్షరం సైజులో. ఈ రాత్రికే సంపాదకులకు పంపుతున్నాను, ఈ చర్చ మొత్తం జతచేసి.